ఉప్పొచ్చిన రోజులు

హిమబిందు మీటింగులోంచి బయటికి వచ్చి ఫోను చూసుకునేసరికి ఐదు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఐదూ ఫిలిప్‌వే. మీటింగంటే కొంపలంటుకునే వ్యవహారమేమీ కాదు. పైఆఫీసరు తెరమీద కనబడి, ఎవరి కాలవలో ఎన్ని కిలోమీటర్ల గుర్రపుడెక్క తీశారని అడగడం, ఇటు బందరు ఆఫీసులో కూర్చున్న పదకొండుమందీ ఎవరి అంకె వాళ్లు అప్పజెప్పడం. ఆ మాత్రం దానికే, ఫోను మోగిన ప్రతిసారీ పక్కవాళ్లు తనవైపు చూస్తున్నారని ఐదుసార్లూ తానే కట్ చేసింది.

వరండా చివరికి వెళ్లి ఫోను చేసింది. అవతల గాలి హోరు, దాని మధ్య ఫిలిప్ గొంతు.

"ఉప్పు లోపలికొచ్చిందమ్మా."

దివిసీమ కొసన, సముద్రానికి పన్నెండు కిలోమీటర్ల ఇవతల, పిల్లకోడు అనే మురుగుకాలవ మీద ఆరు తలుపుల స్లూయిజు ఉంది. వానకు పొలాల్లో నిలిచిన నీళ్లన్నీ ఆ కోడులోంచే సముద్రానికి పోవాలి. సముద్రం పోటు మీదున్నంతసేపూ తలుపులు దించి ఉంచాలి, ఆటు తిరిగాక ఎత్తాలి. పోటులో ఎత్తారా, పొలాల నీళ్లు బయటికి పోవడం మాట అటుంచి సముద్రమే లోపలికి నడిచొస్తుంది. ఆ తలుపులు చేత్తో తిప్పి ఎత్తి దించే లస్కరు ఫిలిప్. పదిహేనేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో బందరు నుంచి ఫోన్లో చెప్పే ఇరిగేషను ఏ.ఇ. హిమబిందు. ఆమె బల్లమీద అద్దం కింద నెల మొత్తానికీ పోటు వేళల కాగితం ఒకటి ఉంటుంది.

ఆవేళ శ్రావణమాసం మొదలు. మొదటి రోజే శుక్రవారం వచ్చింది. ముందురోజు ఎగువన కురిసిన వానకి అక్కడి నారుమళ్లు మునిగాయని రైతులు తెల్లవారి ఆరింటినుంచీ ఫోన్లు. క్రితం వారం తలుపులు ఆలస్యంగా ఎత్తించిందని నలుగురిలో చీవాట్లు తిని ఉంది. అద్దం కింద కాగితం చూసింది. తొమ్మిదిన్నరకి పోటు పూర్తి. ఇంకో పావుగంట ఆగి, మీటింగుకి లేస్తూ ఫిలిప్‌కి ఫోను చేసి ఎత్తెయ్యమంది. బయట నీళ్లే ఇంకా జానెడు ఎక్కువున్నాయమ్మా అన్నాడతను. కాగితం ప్రకారం పోటు తిరిగిపోయింది, నువ్వు ఎత్తు ఫిలిప్ అని పెట్టేసింది.

అతను మూడు తలుపులు ఎత్తి ఆగాడట. నీళ్లు లోపలికే ఉరుకుతుంటే ఏం చెయ్యమంటారని అడగడానికి ఆ ఐదు కాల్సు. చివరికి తనంతట తనే దించాడట. ఇదంతా కోపంగా చెప్పలేదు. ఎప్పుడు ఎంత వచ్చిందో వరస తప్పకుండా చెప్పి, ఒక్కటి అడిగాడు.

"చివరి పొలాలకి కాలవ నీళ్లు ఎక్కటంలేదు గదమ్మా, అందరూ కోడులోకే ఇంజన్లు దింపి నారుమళ్లకి తోడుకుంటన్నారు. రెండు రోజులు తోడొద్దని మీరు ఫోన్లో పెడితే చాలు. నాకు తెలిసినోళ్లకి సైకిలేసుకెళ్లి నేనూ చెబుతాను."

ఫోన్లో పెట్టడమంటే రైతుల వాట్సాప్ గ్రూపు. రెండొందల పన్నెండుమంది ఉన్నారు అందులో. దాన్ని మొదలుపెట్టిందీ నడిపేదీ హిమబిందే. నీళ్ల కబురు ఏదైనా అందులో పెట్టేది. వాళ్లు దండాల బొమ్మలు పెట్టేవాళ్లు. వరండాలో నిలబడే టైపు చేసింది: "ఈ రోజు, రేపు పిల్లకోడు నీళ్లు తోడవద్దు. ఉప్పు కలిసింది." పంపబోయి ఆగింది. ఉప్పు ఎలా కలిసిందని అడుగుతారు. ఎవరు ఎత్తమన్నారని అడుగుతారు. చివరి మాట చెరిపింది. ఆనక అంతా చెరిపింది. సార్‌ని ఒకమాట అడిగి పెడదామనుకుంది.

సార్ అంటే డి.ఇ. వెంకటసుబ్రహ్మణ్యం గారు. ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతారు. పరమ నెమ్మది మనిషి. ఆఫీసులో ఎవరినీ పల్లెత్తు మాట అన్నది లేదు. ఇంటినుంచి ఫ్లాస్కులో తెచ్చుకున్న కాఫీ ఎవరొచ్చినా సగం పోసిస్తారు. హిమబిందు చెప్పింది వింటూ కాఫీ పోస్తున్నవారు, పిల్లకోడు అనగానే బల్లమీద కొంచెం ఒలకబోశారు. జేబురుమాలు తీసి తుడిచారు. తడి పోయాక కూడా అలా తుడుస్తూనే ఉన్నారు.

"కాగితం మీద ఏమన్నా పెట్టావా అమ్మా?"

లేదంది. పెట్టవద్దన్నారు. సాయంత్రం ఆటుకి తలుపులెత్తితే వచ్చిన ఉప్పు వచ్చినట్టే పోతుందనీ, మనం నోరు విప్పితే ఊళ్లో లేనిపోని గగ్గోలవుతుందనీ మెల్లగా చెప్పారు. ఆ మాటలు ఎంతో హాయిగా ఉన్నాయి. నమ్మాలని ఉంది కాబట్టి ఆమె నమ్మింది.

*

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి రెండో తరగతి చదివే కూతురు వందన మంచం పక్కన కూర్చుని లెక్కల నోటుబుక్కు ఒళ్లో దాచుకుంది. చూపించమంటే చూపించదు. తండ్రి రాజేష్ బుజ్జగించి తీసుకున్నాడు. ఒక కూడిక తప్పొచ్చిందని రబ్బరు పెట్టి చెరిపి, చెరిపి, కాగితం చిల్లు పెట్టింది పిల్ల. చిల్లులోంచి వెనక పేజీ అంకెలు కనబడుతున్నాయి.

"అమ్మ చూస్తే తిడుతుందని," అంది వందన తండ్రితో, తల్లి ఎదురుగానే ఉండగా.

హిమబిందు ఆ చిల్లు మీద వేలు పెట్టి కూర్చుంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఏమైందని రాజేష్ రెండుసార్లు అడిగితే తలనొప్పి అంది.

శనివారం గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టలేదు. ఆదివారమూ అంతే. గుడివాడ నుంచి వాళ్లమ్మ భానుమతి ఫోను చేస్తే మామూలుగా మాట్లాడింది, నవ్వింది కూడా. గండం గడిచిందనుకుంది. సోమవారం పొద్దున ఫొటో వచ్చింది. దుర్గాదేవి అని, కోడు చివర ఆరెకరాలు కౌలుకి చేసే ఆవిడ పెట్టింది. అరవై సెంట్ల నారుమడి. పచ్చగా ఉండాల్సిన నారు కొసలు తెల్లబడి, సూదుల్లా చుట్టుకుపోయి ఉంది. కింద ఒక్క ముక్క రాసింది: "ఇది ఏం తెగులండీ?"

మొదట నలుగురైదుగురు తెగుళ్ల పేర్లు చెప్పారు. ఎవరో నోట్లో వేసుకుని చూడమన్నారు. ఉప్పగా ఉందని జవాబు వచ్చింది. అరగంటలో ఇంకో ఇద్దరి పొలాల ఫొటోలు వచ్చాయి. పదింటికల్లా స్లూయిజు తలుపులు ఎవడెత్తాడని గ్రూపంతా ఒకటే గోల. హిమబిందు ఫోను బోర్లా పెట్టేసింది.

సాయంత్రం వెంకటసుబ్రహ్మణ్యం గారు ఆమెను లోపలికి పిలిచారు. టైపిస్టు చేతికివ్వకుండా తనే రెండు వేళ్లతో కొట్టిన కాగితం ఒకటి చేతికిచ్చారు. 'పై అధికారుల ఉత్తర్వులు లేకుండా, నా నిర్లక్ష్యం వల్ల తలుపులు ఎత్తితిని' అని ఉంది అందులో. కింద సంతకానికి జాగా, దానికింద ఫిలిప్ పేరు.

"కాంట్రాక్టు మనిషి. కొన్నాళ్లు పక్కన పెడతారు, అంతేగా. నీకు ముందు ఎంతో సర్వీసుందమ్మా. ఒక్క చార్జిమెమో వచ్చిందంటే జన్మంతా వెంటే ఉంటుంది," అన్నారాయన. చెబుతున్నంతసేపూ ఆమె మొహంలోకి చూడలేదు. కిటికీలోంచి కోనేరు సెంటరు వైపు వెళ్లే ఆటోలను చూస్తూ చెప్పారు. హిమబిందుకి తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంది.

*

మంగళవారం ఉదయం చల్లపల్లి, మోపిదేవి దాటి, అవనిగడ్డలో ఆగకుండా పదకొండింటికి జీపు కోడుగట్టు మీదికి చేరింది. ఫిలిప్ స్లూయిజు మీద గొంతుకూర్చుని మరచుట్లకి గ్రీజు పూస్తున్నాడు. యాభై దాటిన మనిషి, ఎండకి నల్లగా కాలి ఉన్నాడు. ఆమెను చూసి లేచి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అతని పక్కన గట్టుమీద నీళ్ల సీసాలు ఏడు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో రంగు దారం కట్టి ఉంది.

"కోడులో ఏడు చోట్ల రోజూ పొద్దున్నే పట్టానమ్మా. ఈ ఎర్రదారంది చివరి తూము దగ్గరది. నిన్నటిదాకా నోట్లో పెట్టుకోనివ్వలా. ఇవాళ కాస్త తగ్గింది."

సంజాయిషీ చెప్పుకుంటాడనో, బతిమాలుకుంటాడనో, లేకపోతే తనను నిలదీస్తాడనో దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది హిమబిందు. ఈ సీసాలు ఆమె లెక్కలో లేవు. ఫైల్లోంచి కాగితం తీసిచ్చింది. చదివి సంతకం పెట్టమంది.

ఫిలిప్ కాగితం అందుకుని మొదటి రెండు వరసలు చదివాడు. తక్కినది చదవలేదు. పెన్ను అడిగి తీసుకుని, తలుపు చట్రం మీద పెట్టి, పెద్ద అక్షరాలతో సంతకం చేసి ఇచ్చేశాడు. గ్రీజు వేలిముద్ర ఒకటి అంచున పడింది.

"ఒకటి అడగనా అమ్మా? శుక్రవారం మీ కాయితంలో ఎన్నింటికి రాసుందమ్మా పోటు?"

ఆమెకి భయం వేసింది. ఏదో ఉచ్చు పన్నుతున్నాడేమోననిపించింది. నీకెందుకది అనబోయింది. అతని మొహంలో ఉచ్చేమీ లేదు. ఊరికే తెలుసుకోవాలని ఉంది, అంతే.

"తొమ్మిదిన్నరకి," అంది.

ఫిలిప్ పెదాలు కదిపి లెక్క చూసుకున్నాడు. రండమ్మా అని గట్టుమీది తన గదిలోకి తీసుకువెళ్లాడు. తలుపుల హేండిళ్లూ, గ్రీజు డబ్బాలూ పెట్టుకునే చిన్న గది. సున్నం వెలిసిన గోడమీద తారుతో వరసలు గీసి ఉన్నాయి. తొమ్మిది తేదీలు. ప్రతి తేదీ పక్కనా 'ఇక్కడ' అని ఒక వేళ. దానికి ముందు 'కాయితం' అని ఒక జాగా. ఆ జాగా తొమ్మిదింటికీ ఖాళీగానే ఉంది.

"ఉప్పొచ్చిన రోజులమ్మా. పై ఆరూ మా నాన్న రాసినియ్యి, సామ్యేలని, నాకు ముందు లస్కరు. ఇక్కడ పోటు ఎన్నింటికి తిరిగిందో మేం చూసి రాశాం. కాయితంలో ఎన్నింటికని రాసుందో ఏ ఇంజనీరుగారూ చెప్పలా. అడిగితే నీకెందుకనేవోళ్లు. శుక్రవారం ఇక్కడ తిరిగింది పదకొండూ ఐదుకి. మీది తొమ్మిదిన్నర. చూశారా మరి."

హిమబిందు గోడవైపే చూస్తూ నిలబడిపోయింది. తన బల్లమీది కాగితం బందరు రేవుది. రేవులో తిరిగిన పోటు, మడ అడవి వంకరలన్నీ చుట్టుకుని, పన్నెండు కిలోమీటర్లు లోపలికొచ్చి ఇక్కడ తిరగడానికి గంటన్నర పడుతోంది. కాగితం తప్పు కాదు. ఆ కాగితం ఈ చోటుది కాదు. ఇంజనీరింగు చదివిన తనకి ఈపాటి తెలియకపోవడం ఏమిటి? తెలియకేం, ఎప్పుడూ తట్టలేదు. రెండేళ్లుగా ఆ రేవు కాగితాలే చూసి ఎత్తమంటోంది, దించమంటోంది. మామూలు రోజుల్లో ఫిలిప్ తన కళ్లతో చూసుకుని సర్దుకుంటూ వచ్చి ఉంటాడు.

"మరి నాకు ముందే చెప్పలేదేం?"

"చెప్పానమ్మా. బయట నీళ్లే ఎక్కువున్నాయన్నాను."

నిజమే, అన్నాడు. ఎందుకున్నాయని ఆమె అడగలేదు.

"నాదీ తప్పుందమ్మా," అన్నాడు ఫిలిప్, గుమ్మంలో కూర్చుంటూ. "నీళ్లు కళ్లెదుట లోపలికి ఉరుకుతున్నాయి. మూడో తలుపు ఎత్తి ఆగాను, బానే ఉంది. దించటానికి మీ మాట కోసం ముప్పావుగంట ఎందుకు చూశానా అని నాలుగు రోజులుగా ఇదే ఆలోచన. చెయ్యి హేండిలు మీదే ఉంది. కదల్లా. నాన్నని తీసేసిన రోజు గుర్తొచ్చింది. అదే అయ్యుంటది."

అతను ఆ మాట అన్న తీరుకి ఆమె ఆశ్చర్యపోయింది. తలుపు ఎక్కడ పట్టేసిందో వెతికేటట్టు, తన చెయ్యి ఎక్కడ ఆగిపోయిందో వెతుకుతున్నాడు. నాన్నని ఎప్పుడు తీసేశారని అడిగింది. ఫిలిప్ గోడమీద ఆరో వరస చూపించాడు. 2006 ఆగస్టు 11, శుక్రవారం. ఇక్కడ: 11.50.

"మా నాన్నా ఇట్టాంటి కాయితం మీదే సంతకం పెట్టాడు. తర్వాత రొయ్యల చెరువులకి కాపలా వెళ్లాడు. బందరు రేవుకీ మనకీ గంటన్నర తేడా ఉంటదిరా అనేవాడు. పడవలోళ్ల మాటల్ని బట్టి కట్టిన లెక్క. ఎవురూ నమ్మలా. పోయేముందు కూడా అదే అడిగాడు, ఆ రోజు కాయితంలో ఎన్నింటికుందో సుబ్రహ్మణ్యం గారిని అడిగావంట్రా అని. నేనేం అడుగుతాను."

"ఏ సుబ్రహ్మణ్యం గారు?"

"మన డి.ఇ. గారేనమ్మా. అప్పుడు ఆయన ఇక్కడ ఏ.ఇ."

ఒలికిన కాఫీ, ఆరిపోయిన బల్లమీద తిరుగుతూనే ఉన్న జేబురుమాలు ఆమె కళ్లముందు మెదిలాయి.

*

ఉప్పు ఎక్కడిదాకా పోయిందో చూపిస్తానని ఫిలిప్ ముందు నడిచాడు. కోడుగట్టు మీద తుమ్మచెట్ల కింద బురద, పైన ఎండ. వంద అడుగులకోసారి దిగి, వేలు ముంచి నాలుకకి తగిలించి, ఉమ్మి, ఎంత ఉందో చెప్పేవాడు. మూడోసారి హిమబిందు చెప్పులు విప్పి తానూ దిగింది. ముంచిన వేలు నోట్లో పెట్టుకుంది. ఉప్పుతోపాటు చేదుగా ఇంకేదో ఉంది. అది నాలుక మీద చాలాసేపు ఉండిపోయింది.

"ఇదే ఇంత ఉంటే శనివారం ఎట్లా ఉందో చూసుకోండి," అన్నాడతను. శుక్రవారం సాయంత్రమూ, శనివారం తెల్లారీ సైకిలు మీద తిరిగి, తోడొద్దని మాత్రం పద్దెనిమిది మందికి చెప్పాడట. దుర్గాదేవి పొలం కొట్టకొసన ఉంది. అక్కడికి చేరేసరికి ఆవిడ మడి తడిపి ఇంటికెళ్లి గంటయింది.

దుర్గాదేవి మడిగట్టున కూర్చుని పీకిన నారు చిన్న తపేలాలో కడిగి వేళ్లు చూస్తోంది. నలభై ఐదేళ్లుంటాయి. చేతికి చిలకలపూడి గిల్టు గాజులు నాలుగు, వాటిమీదంతా బురద. ఫిలిప్‌ని పలకరించి, మేడంగారా అని లేవబోయింది. హిమబిందు వద్దని తానే గట్టుమీద కూర్చుంది. మడి అంచుల్లో తెల్లటి పొర పేరుకుని ఉంది. నారు కాళ్లకింద ఎండుగడ్డిలా కరకరమంటోంది. మెరకమూలన నీళ్లు ఎక్కనిచోట మాత్రం నాలుగు సెంట్లు పచ్చగా నిలిచింది.

"శనివారం ఇంజను వేసేముందు ఫోను చూసుకున్నానండీ," అంది దుర్గాదేవి. "నీళ్లు బాగోకపోతే మీరు పెడతారు గదా ఎప్పుడూ. ఏమీ లేదు. సరే, బానే ఉన్నట్టున్నాయిలే అని వేశాను."

పక్కన ఫిలిప్ లేకపోతే హిమబిందు అప్పుడు కూడా నోరు మూసుకునేదేమో, ఆమెకే తెలియదు. నాలుకమీద ఆ చేదు ఇంకా ఉంది.

"తలుపులు ఎత్తమన్నది నేనేనండీ. ఉప్పు వచ్చిందని శుక్రవారం మధ్యాహ్నమే నాకు తెలిసింది. తోడవద్దని టైపు చేశాను. చేసి, చెరిపేశాను."

దుర్గాదేవి చేతిలోని నారు తపేలాలో జారవిడిచింది. తిట్టలేదు. శాపాలు పెట్టలేదు.

"ఎందుకు చెరిపారు?"

కోపంతో అడిగిన ప్రశ్న కాదది. నిజంగా అర్థంకాక అడిగింది. అందుకే హిమబిందుకి తప్పించుకోవడానికి దారి లేకపోయింది.

"భయమేసింది."

"ఎవరంటే?"

చెప్పబోతే ఒక్క పేరూ రాలేదు. ఆఫీసంటేనా, పైవాళ్లంటేనా, ఈవిడంటేనా? "అందరంటే," అంది చివరికి.

"తిట్టేవాళ్లమండీ," అంది దుర్గాదేవి నెమ్మదిగా. "నేనైతే నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. రెండు రోజులుండి మానేసేదాన్ని. నారు ఉండేది గదా."

హిమబిందుకి ఏడుపు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దుర్గాదేవి ఓదార్చలేదు, ఊరుకోమనీ అనలేదు. నారు మళ్లీ చేతిలోకి తీసుకుని వేళ్లు కడగసాగింది. ఆ మూలనున్న నాలుగు సెంట్లకి నా దగ్గరున్న మంచినీళ్లు బిందెలతో మోసి పోస్తాను చెల్లెమ్మా అన్నాడు ఫిలిప్. నాలుగు సెంట్లతో ఆరెకరాలు ఏం నాటుకోను అన్నా అంది ఆవిడ. ఈ ఏడు మళ్లీ విత్తనం చల్లి, మొలిచి, నాటు పడేసరికి అదను దాటిపోతుందని ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

*

స్లూయిజు దగ్గరికి తిరిగొచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఇవాళ్టి కాగితం ప్రకారం రేవులో పన్నెండూ నలభైకి పోటు తిరగాలి. హిమబిందు గట్టుమీద కూర్చుని ఫోను తీసింది. రైతుల గ్రూపులో శుక్రవారం జరిగింది జరిగినట్టు, తన పేరుతో, వేళలతో సహా పెట్టింది. ఆనక ఫైల్లోంచి ఫిలిప్ సంతకం చేసిన కాగితం తీసి, దాన్ని తిరగేసి, వెనక ఖాళీగా ఉన్న పుటమీద రాసింది. తలుపులు ఎత్తమని తొమ్మిదీ నలభై ఐదుకి ఫోన్లో చెప్పింది తానేననీ, నీళ్లు బయట ఎక్కువున్నాయని లస్కరు చెప్పినా వినలేదనీ, ఐదు కాల్సు కట్ చేసిందనీ, తెలిసి కూడా రైతులకు చెప్పలేదనీ రాసి సంతకం పెట్టింది. భయం ఎక్కడికీ పోలేదు. ఒళ్లో ఫోను టింగుటింగుమంటూనే ఉంది. మొదటి రెండూ చూసింది, బండబూతులే. తర్వాత చూడలేదు.

ఫిలిప్ ఎండు తుంగపోచ ఒకటి తెంచి, తలుపుల బయటివైపు నీళ్లలోకి వదిలాడు. పోచ లోపలివైపుకే, తలుపులకేసి వచ్చి ఆనుకుంది. పదినిమిషాలకి ఇంకోటి వేశాడు. అదీ అంతే. హిమబిందు అతనిచ్చిన డబ్బాలో మజ్జిగన్నం సగం తింది. రెండూ పదికి వేసిన పోచ ఎటూ కదలకుండా నీళ్లమీద నిలబడింది. కాసేపు అక్కడే తిరిగి, మెల్లగా సముద్రంవైపు సాగింది.

"ఎంతయిందమ్మా?"

"గంటన్నర," అంది ఆమె. వేరే చోటి కాగితం నమ్మానన్న బాధ కాకుండా, నీళ్లు ఎలా నడుస్తాయో మొదటిసారి చూసిన సంబరం ఒక్క క్షణం కలిగింది. వెంటనే తెల్లబడిన నారుమడి గుర్తొచ్చింది.

అప్పుడు మోగింది ఫోను. వెంకటసుబ్రహ్మణ్యం గారు. గ్రూపు సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. ఎంత పని చేశావమ్మా అన్నారు. గొంతులో కోపం లేదు, బెదురు ఉంది. ఆ సంతకం కాగితమైనా జాగ్రత్తగా పట్టుకురా, ఇంకా ఏదో ఒకటి చెయ్యచ్చు అన్నారు. దాని వెనక నేను రాసేశాను సార్ అంది. ఆమెకి ఆయన్ని ఒక్క మాట అనాలని లేదు. అడగాలని ఉంది.

"సార్, 2006లో, సామ్యేలుని తీసేసిన రోజు, మీ కాగితంలో పోటు ఎన్నింటికుంది?"

పెట్టేశారేమోనని ఫోను చెవినుంచి తీసి చూసింది. పెట్టలేదు. అవతల ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ఎవరో గదిలోకి వచ్చినట్టున్నారు, తర్వాత రమ్మని పంపేశారు. తలుపు మూసిన చప్పుడు.

"పదింబావుకి," అన్నారు.

పంతొమ్మిదేళ్లు. ఆయనకి కాగితం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"పదింబావుకి పోటు, పదిన్నరకి ఎత్తమన్నాను. నీళ్లు బయట ఎక్కువున్నాయి బాబూ అన్నాడు." తర్వాత అడిగారు. "ఆయన ఉన్నాడా అమ్మా?"

"లేరు సార్. మూడేళ్లయిందట పోయి."

ఆయన పెట్టెయ్యలేదు. ఆమె పట్టుకునే ఉంది. చాలాసేపటికి లైను తెగిపోయింది.

హిమబిందు గదిలోకి వెళ్లి ఫిలిప్‌కి చెప్పింది. అతను మూలనున్న తారు డబ్బా తీసి, గట్టిపడిన తారుని పుల్లతో కెలికి, కుంచె ముంచాడు. కింద పదో వరస గీశాడు. కాయితం 9.30, ఇక్కడ 11.05. తర్వాత పైకి చెయ్యి చాపి, తండ్రి వదిలేసిన ఖాళీలో నెమ్మదిగా 10.15 అని వేశాడు. పక్కనున్న 11.50కి తేడా ఎంతో పెదాలు కదుపుతూ లెక్క చూసుకున్నాడు. తారు కారి గోడమీదికి జారుతుంటే వేలితో తుడిచాడు. కుంచె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. వెనకనుంచి చూస్తున్న ఆమెకి అతని మొహం కనబడలేదు.

"నాన్న లెక్క సరిపోయిందమ్మా," అన్నాడు.

ఆటు బాగా పడింది. తలుపులు ఎత్తాలి. అతను ఒక హేండిలు అందుకున్నాడు, ఆమె రెండోది తీసుకుంది. ఐదు నిమిషాలు తిప్పితేగాని మొదటి తలుపు జానెడు లేవలేదు. కోడులో ఉన్న నీళ్లు ఆ సందులోంచి బయటికి పోసాగాయి.